ఆన్‌లైన్‌లో కొన్న చైన్‌సా మిల్లు చట్రం: ఉద్దానం పెరటి దుంగలకు ఎంతవరకు పనికొస్తుంది?

కూలిన చెట్టును కోత మిల్లు దాకా తరలించకుండా పడిన చోటనే పలకలుగా కోసుకోవడానికి చైన్‌సాకు తగిలించుకునే చట్రాన్ని అలాస్కన్ మిల్లు అంటారు. అమెరికాలోని గ్రాన్‌బర్గ్ సంస్థ తయారీతో పేరుకెక్కిన ఈ పనిముట్టుకు చవక నమూనాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతున్నాయి. వాటిలో 24 అంగుళాలదని చెప్పి అమ్ముతున్న ఒకదాన్ని ఏడు వేల రూపాయల లోపు ధరకు తెప్పించి, కవిటి దగ్గరి మా తోటలో పనస, మామిడి, నిద్రగన్నేరు దుంగల మీద వాడి చూశాను. పెట్టిన డబ్బుకు చట్రం న్యాయం చేస్తుందనే చెప్పాలి. అయితే పలక ఎంత నున్నగా, ఎంత సమంగా వస్తుందన్నది చాలావరకు రంపం బలం మీద, దాని పళ్లకు పట్టిన పదును మీద ఆధారపడి ఉంటుంది. కొనేవారు తమ బడ్జెట్‌ను ఆ లెక్కనే పంచుకోవాలి.

మన వైపు ఇలాంటి పనిముట్టు అవసరం ఎందుకు వస్తుందో తీరప్రాంతంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు తోటలకు తోటలే నేలమట్టమయ్యాయి. అలాంటి సమయాల్లో ట్రాక్టరు దొరకదు, కూలీలు దొరకరు, దొరికినా రవాణా ఖర్చు కలప విలువను మింగేస్తుంది. పైగా పెరటి చెట్టు అనగానే దండెం కట్టిన మేకులు, పోస్టర్లు కొట్టిన మేకులు లోపల ఉంటాయని మిల్లువారు వెనుకాడతారు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణగా మారదగిన పనస మాను ఇక్కడ పొయ్యిలోకి పోవడానికి కారణం ఇదే.

చట్రం విషయానికి వస్తే, రెండు నిలువు కమ్మీలు చైన్‌సా బార్‌ను, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీని, ఇరుకొనల దగ్గర గట్టిగా పట్టి ఉంచుతాయి; వాటికి పైన అడ్డంగా ఉండే పట్టాలు దుంగ మీద జారుతూ, పలక మందం ఒకే తీరుగా ఉండేలా చూస్తాయి. కొలతల స్టిక్కరును నమ్మవద్దు, స్కేలు పెట్టి బార్ నుంచి పట్టా దాకా రెండు వైపులా కొలిచి బిగించుకుంటేనే మందం సరిపోతుంది. పెట్టెలో వచ్చిన బోల్టులు మెత్తటి ఇనుముతో చేసినవి. రంపం అదురుకు అవి తరచూ వదులవుతున్నందువల్ల హార్డ్‌వేర్ దుకాణంలో 8.8 గ్రేడు బోల్టులు, స్ప్రింగు వాషర్లు కొని మార్చాను. 24 అంగుళాలన్న మాట కూడా అచ్చంగా నిజం కాదు. 22 అంగుళాల బార్ తగిలిస్తే, బిగింపులకూ రంపం ముందున్న ముళ్ల పట్టీకీ పోను కోతకు దక్కే వెడల్పు 17 అంగుళాల లోపే ఉంటుంది. మొదటి కోతకు చట్రం ఆనడానికి సమమైన తలం ఉండదు కాబట్టి, దుంగ మీద వంకరలేని నిచ్చెననో, రెండు స్లాటెడ్ యాంగిళ్లనో బిగించి దాని మీద నడపాలి. ఆ తర్వాతి కోతలకు ముందు కోసిన ముఖమే దారి చూపుతుంది.

మార్కెట్లో చవకగా దొరికే 58 సీసీ రంపం అడుగు వెడల్పు లోపు దుంగలకు సరిపోతుంది. అంతకు మించితే 70 సీసీ పైబడిన యంత్రం కావాలి. దుంగను అడ్డంగా నరకడం వేరు, పొడవునా చీల్చడం వేరు. రెండో పనిలో ఇంజన్ నిమిషాల తరబడి పూర్తి వేగంతో తిరుగుతుంది. అందుకే కోత ముగిసిన వెంటనే ఆపేయకుండా కొద్దిసేపు ఖాళీగా తిరగనిచ్చి చల్లారనివ్వాలి. ఇక చైన్ సంగతి. మామూలు చైన్ పళ్లు 30 డిగ్రీల వాలులో ఉంటాయి, చీల్చే పనికి 10 డిగ్రీలు మెరుగు. అలాంటి చైన్ శ్రీకాకుళం, పలాస దుకాణాల్లో నాకు కనిపించలేదు గానీ, పాత చైన్‌నే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ఆ కోణానికి సాన పట్టుకోవచ్చు. పదును ఉందో పోయిందో పొట్టు చెబుతుంది: పలుకులుగా రాలితే సరే, పిండిలా రాలుతుంటే ఆపి ఆకురాయి తీయాలి. బలవంతంగా తోస్తే బార్ వేడెక్కి, కోత అలలు అలలుగా వస్తుంది, తర్వాత చిత్రిక పట్టేవాడికి చుక్కలు కనిపిస్తాయి.

మిల్లు యజమానులు ఈ చట్రం మీద వేసే విమర్శ ఒకటి న్యాయమైనదే. బ్యాండ్ రంపం కోతకు రెండు మూడు మిల్లీమీటర్ల కలప పొట్టుగా పోతే, చైన్‌సాకు దాదాపు ఎనిమిది పోతుంది. అంగుళం మందం పలకలు అయిదింటి మధ్య నాలుగు కోతలంటే 32 మిల్లీమీటర్లు, అంటే ఒక పలకకు మించిన కలప నేలపాలు. కలప అడితిలో టేకు కొని తెచ్చుకునేవారు ఈ యంత్రం జోలికి పోకపోవడం మంచిది. వంటచెరకుగా పోవలసిన దుంగ విషయంలో మాత్రం ఆ నష్టం లెక్కలోకి రాదు.

పనస కోత చూడముచ్చటగా ఉంటుంది. పచ్చి చేవ నిమ్మపండు రంగులో బయటపడి, వెలుతురు తగిలిన కొద్దీ తేనెరంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. దాని జిగురు మాత్రం చైన్‌కు, బార్ గాడికి పట్టేస్తుంది కనుక పని అయ్యాక కిరసనాయిలుతో తుడవక తప్పదు. నిద్రగన్నేరు మెత్తగా తెగుతుంది, ముదురు గోధుమరంగు చేవతో బల్లల పైభాగానికి బాగుంటుంది. మామిడి చవక కలప అని తీసిపారేస్తారు గానీ రంగుచారలు ముచ్చటగా ఉంటాయి. పురుగు పట్టడమే దాని లోపం, కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పూయాలి. కొబ్బరి మానుకు పైపొర రాయిలా గట్టిది, లోపల మెత్తన. పదును అంత త్వరగా తినేసేది నేను కోసిన వాటిలో మరొకటి లేదు.

కోసిన పలకలను ఎండలో ఆరేస్తే పగుళ్లిస్తాయి. కొనలకు రంగు పూసి, నీడలో, మధ్య మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి పేర్చి, పైన బరువు ఉంచాలి. అంగుళం మందానికి ఏడాది అన్న మోటు లెక్క సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా పొడవవుతుందే తప్ప తగ్గదు.

వంగి నడపవలసిన యంత్రం కాబట్టి పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. గాలి వీచే ఆరుబయట మాత్రమే పని పెట్టుకోవాలి, షెడ్డులో వద్దు. శబ్దం వంద డెసిబెళ్లు దాటుతుంది గనుక చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, కాళ్లకు గట్టి బూట్లు ఖర్చులో కలుపుకోవాలి. నిలిచి ఉన్న చెట్టును కొట్టదలిస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి విషయం ముందే కనుక్కోవాలి.

అమ్మకందారు సేవ గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. తెలుగులో సూచనల పత్రం లేదు, ఉన్న ఇంగ్లీషు పత్రంలో బొమ్మలు కూడా స్పష్టంగా లేవు. బార్ కొనను పట్టే బిగింపు అరిగితే విడిగా అమ్మడం లేదని జవాబు వచ్చింది. దాన్ని పలాసలో ఒక లేత్ షాపులో ఇనుముతో చేయించుకున్నాను, అది అసలు దానికంటే గట్టిగా ఉంది. కొనదలచినవారు చట్రం వచ్చిన రోజే ఆ ఒక్క భాగానికి మరో నకలు చేయించి పెట్టుకుంటే కోత మధ్యలో ఆగిపోదు.