పిట్స్‌బర్గ్‌లో మోటెల్ ముంచింది, తుప్పుపట్టిన ఫర్నేస్ తేల్చింది

ముందే చెప్పేస్తున్నా, పిట్స్‌బర్గ్ గుడికి వెళ్లేవాళ్లు గదులకి యాప్‌లో కనిపించే రేటు నమ్మకండి. కొలంబస్ నుంచి అయిదుగురం వెళ్లాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల బాబు, వైజాగ్ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. గదికి 89 చొప్పున రెండింటికి 178 డాలర్లని చూపించారు. తీరా కౌంటర్ దగ్గర గదికో 15 డాలర్ల సదుపాయాల ఫీజు, పార్కింగ్‌కి 12, పైన పన్నులు కలిపి 249 లాగారు. ఆ సదుపాయాలేమిటంటే పనిచెయ్యని కాఫీ మెషిన్, సిగరెట్ కంపు కొట్టే దుప్పట్లు. గది మార్చమంటే ఖాళీల్లేవన్నాడు కౌంటర్లో కుర్రాడు, బయట చూస్తే మా కారుతో కలిపి నాలుగే కార్లు! అత్తయ్యగారు దుప్పటి తీసి పక్కన పడేసి తన చీర పరుచుకుని పడుకున్నారు. మామయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన వచ్చిన ఆరు వారాల నుంచీ అంతే, ఎక్కడికి తీసుకెళ్లినా కారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పుడు తిరిగి వెళ్దామా అన్నట్టు నిలబడతారు.

మర్నాడు పెన్ హిల్స్ గుడిలో వెంకటేశ్వర స్వామి దర్శనం బాగా జరిగింది, పులిహోర బాగుంది. తర్వాత డుకేన్ ఇంక్లైన్ ఎక్కాం, 1877 నాటి కొండ రైలు, మేం వెళ్లినప్పుడు పోను రాను పెద్దవాళ్లకి 5 డాలర్లు. పైనుంచి మూడు నదులు కనిపిస్తాయి, ఫొటోలొస్తాయి, అరగంట చాలు.

అసలు సంగతి క్యారీ ఫర్నేసెస్. మా ఆయన టికెట్లు కొంటుంటే, మనిషికి 20 డాలర్ల పైన పెట్టి పాడుబడ్డ ఫ్యాక్టరీ చూడటమేమిటని నేనే గొణిగాను. మొనొంగహేలా నది ఒడ్డున 92 అడుగుల ఎత్తు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిములు, రెండు, 6, 7 నంబర్లవి, 1906-07లో కట్టినవి. 1978లో ఆపేశారు. ఇక్కడ కరిగిన ఇనుము నది మీది వంతెన దాటి అవతలి హోమ్‌స్టెడ్ మిల్లుకి పోయి ఉక్కయ్యేదట. చూపించే పెద్దాయన కూడా ఒకప్పటి మిల్లు కార్మికుడే.

మామయ్యగారు వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. కరిగిన ఇనుము బయటికొచ్చే కాస్ట్ హౌస్‌లోకి అడుగుపెట్టగానే మనిషి మారిపోయారు. ఆ పెద్దాయన చెప్పేలోపే "ఇదిగో ట్యాప్ హోల్, ఇనుము కారే కన్నం, ఇది రన్నర్, అది పారే కాలవ, స్లాగ్, అంటే మడ్డి, ఇటు పోతుంది, అవి టుయర్లు, వేడి గాలి వాటిలోంచే" అని బాబు భుజం పట్టుకుని చూపిస్తున్నారు. "తాతయ్యా, నువ్వు ఇలాంటిదాంట్లో పనిచేశావా?" అన్నాడు వాడు, ఆరు వారాల్లో మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి. "మా గోదావరి ముందు ఇది చంటిపిల్లరా, వయసులో మాత్రం ముత్తవ్వ" అన్నారు. మన ప్లాంట్‌లో ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చెబితే ఆ పెద్దాయన మురిసిపోయాడు, ఇక్కడా ఆడపేరేగా. ఖనిజం పైకెక్కించడానికి మా గోదావరికి కన్వేయర్ బెల్ట్, మీకు స్కిప్ కారా, అంటే పట్టాల మీది తొట్టా అంటూ మామయ్యగారు వచ్చీరాని ఇంగ్లీషులో, ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. రెండు గంటల టూర్ మాకు మూడు గంటలైంది.

అవతలి ఒడ్డు కథ మాత్రం సరదాగా చెప్పేది కాదు. 1892లో హోమ్‌స్టెడ్‌లో జీతాలు కోసి, యూనియన్ ఒప్పుకోకపోతే మిల్లుకి తాళం వేశాడు కంపెనీ నడిపే ఫ్రిక్. జులై 6 తెల్లవారకముందే పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ మనుషుల్ని 300 మందిని పడవల్లో దింపబోతే కాల్పులు జరిగి రెండు వైపులా జనం చచ్చిపోయారు. ఓనర్ కార్నెగీ అప్పుడు స్కాట్లాండ్‌లో ఉన్నాడు! 1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకి బ్యాంకర్ మోర్గాన్‌కి అమ్మేశాడు, దాన్ని ఇంకొన్నిటితో కలిపితే 140 కోట్ల డాలర్ల మూలధనంతో యు.ఎస్. స్టీల్ అయింది. మధ్యలో 1898లో ఆ కార్మికులకే కొండ మీద లైబ్రరీ కట్టించాడు. బయటి నుంచి చూశాం, నిజంగా అందమైన భవనం, కాదనను. మామయ్యగారు మెట్ల దగ్గరే ఆగి, "ఎనిమిది గంటల షిఫ్ట్ చేసొస్తేనే నాకు పేపర్ తిరగేసే ఓపిక ఉండేది కాదు, వీళ్లు పన్నెండు గంటలు చేసి ఏం చదువుతారమ్మా" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

ఆ మిల్లు 1986లో మూతపడింది. ఇప్పుడక్కడ షాపింగ్ సెంటర్, సినిమా హాలు, వాటి పక్కన పాత మిల్లు చిమ్నీలు పన్నెండు. అత్తయ్యగారికి కాళ్ల నొప్పులు, బాబుకి ఆకలి, నాకు విసుగు, మామయ్యగారు మాత్రం ఆ చిమ్నీల కింద తిరుగుతూనే ఉన్నారు. మన ప్లాంట్ అమ్మేస్తారన్న మాట వచ్చినప్పట్నుంచీ ఆ వార్తలొస్తే టీవీ కట్టేసే మనిషి. ఆ రోజు ఆయన్ని తొందరపెట్టబుద్ధి కాలేదు.

వెళ్లేవాళ్లు ముందే టికెట్ తీసుకోండి, చలికాలంలో టూర్లుండవు. వేళ్లు కనబడే చెప్పులు వద్దు, నీళ్లు పట్టుకెళ్లండి. పెద్దవాళ్లకి నడక ఎక్కువే.

తిరుగు ప్రయాణంలో వీలింగ్ దగ్గర పెట్రోలుకి ఆగితే మామయ్యగారు వెనక సీట్లో పేపర్ నాప్‌కిన్ మీద బాబుకి ఫర్నేస్ బొమ్మ గీస్తున్నారు. మోటెల్ వాడికి రెండు మెయిళ్లు పెట్టాను, ఆ 30 డాలర్ల సదుపాయాల ఫీజు ఇంకా వెనక్కి రాలేదు.