శ్రీకాకుళం, విజయనగరాల్లో ఖాదీ, చేనేత, చిత్రకళా ప్రదర్శనలు: బట్టను చేత్తో పట్టుకుని చూడగలగడమే పెద్ద వరం

మన రెండు ఊళ్లలో జరిగే ఈ ప్రదర్శనల్ని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. వీటిలో నాకు బాగా నచ్చేది ఒకటే. బట్టను ముట్టుకోనిస్తారు. పెద్ద నగరాల్లో ఫ్యాషన్ ప్రదర్శన అంటే చీర ఒక బొమ్మ ఒంటిమీద, తాడుకి అవతల ఉంటుంది. ఇక్కడ బల్లమీద పరిచి ఉంటుంది. వెనక తరచుగా నేసినవాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో నిలబడతారు. కొంగు తిరగేసి చూడొచ్చు, అంచు వేళ్ల మధ్య నలిపి చూడొచ్చు, పేకకి (అడ్డదారానికి) ఏ నంబరు నూలు వాడారో అడగొచ్చు. విసుక్కోకుండా చెబుతారు. ఆగస్టు 7 చేనేత దినోత్సవం, గాంధీ జయంతి రిబేటు, సిరిమాను రోజుల సందడి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

సన్న ఖాదీకి పేరున్న పొందూరు వాళ్లు రాట్నంతో వచ్చారంటే ముందు అక్కడికే వెళ్లండి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూడాలి. గింజ ఇంకా పత్తిలో ఉండగానే, ఆ దవడకున్న సన్నని పళ్లతో పోగుల్ని ఒకే దిక్కుకి దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగులు తిన్నగా నిలబడతాయి. తర్వాత చెక్కమీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, దూదేకే విల్లుతో ఏకుతారు, వడకడానికి ఏకులు (దూది చుట్టలు) చేస్తారు. ఆ ఏకుల్ని ఎండిన అరటి పట్టలో చుట్టి పట్టుకుని వడకడం వల్ల చేతి చెమట, మురికి దూదికి అంటవు. నూరు నంబరు నూలు ఇంత శ్రద్ధ లేకపోతే రాదు. నూరు నంబరు అంటే ఇంగ్లీషు లెక్కలో పౌండుకి 840 గజాల చిలపలు (నూలు కట్టలు) నూరు. ఒక్క గ్రాము దూది నుంచి దాదాపు 169 మీటర్ల దారం.

రాట్నం తిప్పనిస్తే తప్పక తిప్పండి. దారం తెగుతుంది. ఎక్కువసార్లు కారణం ఏకుని లాగే చెయ్యి కదురు (దారానికి పురి వేసే ఇనుప పుల్ల) కన్నా ముందు పరుగెత్తడమే. పురి పడకముందే లాగితే పోగులు జారి విడిపోతాయి. భయపడి చెయ్యి ఆపేసి చక్రం మాత్రం తిప్పితే పురి ఎక్కువై దారం తనమీద తానే మెలికపడుతుంది. ఆ రెంటికీ మధ్య వేగం వేళ్లకి తెలిసిన క్షణంలో చీర ధర ఎందుకంతో అర్థమవుతుంది. ఏ బోర్డు మీద ఎంత రాసినా అది అందదు.

ఇక ముట్టుకోవడం గురించి అంతగా మెచ్చుకున్నాను కాబట్టి దానికున్న లోటు కూడా చెప్పాలి. మన వేళ్లని గంజి మోసం చేస్తుంది. ప్రదర్శనలో దొరికే బట్టలో చాలా భాగం గంజి పెట్టి, ఇస్త్రీ చేసి వస్తుంది. గంజి పెట్టడం తప్పు కాదు. పడుగు (నిలువు) దారం మగ్గంమీద తెగకుండా ఉండాలంటే పెట్టి తీరాలి. ఇబ్బందంతా పలచగా నేసి, ఆ సందుల్ని గంజితో పూడ్చి అమ్మినప్పుడు వస్తుంది. అంగుళానికి పడాల్సిన పేకలు తగ్గిస్తే నూలూ మిగులుతుంది, పొద్దూ మిగులుతుంది. బల్లమీద అది బిగువుగా, గరగరలాడుతూ బ్రహ్మాండంగా ఉంటుంది. ఒక ఉతుకు పడగానే గంజి పోయి, దారాలు జరిగి, బట్ట వల అవుతుంది. భుజాల దగ్గర, కుట్ల వెంట మొదట విడుతుంది.

దీన్ని అక్కడే పట్టుకోవచ్చు. బట్టమీద రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి, గట్టిగా అదిమి, ఎడంగా తోయండి. పోగులు పక్కకి జరిగి సందు పడి, మళ్లీ దగ్గరికి రాకపోతే నేత పలచన. తర్వాత అంచు పక్కన ఒక చోట నలిపి, కింద నల్ల గుడ్డో మీ ఫోనో పట్టండి. తెల్లని పొడి బాగా రాలితే గంజి పాలు ఎక్కువ. ఆఖర్న వెలుతురుకి ఎత్తి చూడండి. చేతినూలులో లావు సన్నాలు అక్కడక్కడా కనిపించాలి. అది లోపం కాదు, గుర్తు. సందులు మాత్రం అంతటా ఒకేలా ఉండాలి. నేసేటప్పుడు బట్టను చాచి పట్టే సూదులు అంచుల్లో వదిలే రంధ్రాలు చూసి చేతిమగ్గం అని తేల్చేయకండి, పవర్‌లూమ్ బట్టకీ అవి ఉండొచ్చు.

వెలుతురు అన్నాను కదా, హాలు లైటు కింద కాదు. తెల్లని ఎల్‌ఈడీ కింద, పొందూరు ఖాదీకి వాడే ఎర్రపత్తి సహజ ఛాయ చచ్చిపోయి, మామూలు తెలుపులా కనిపిస్తుంది. అడిగి గుమ్మం దగ్గరికి తెచ్చుకోండి. ఇప్పటిదాకా ఎవరూ కాదన్నట్టు నాకు గుర్తు లేదు.

ముదురు ఎరుపు, నీలం అంచులుంటే చేతిరుమాలు కొస తడిపి, లోపలివైపు అంచుమీద కాసేపు అదిమి చూడండి. రుమాలుకి రంగు బాగా దిగితే అది చీరలోని తెల్ల భాగం మీదకి పాకడం ఖాయం. ఉప్పు నీళ్లలో నానబెడితే ఆగిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. అద్దకంలో సరిగా పట్టని రంగుని ఉప్పు పట్టించదు. మొదటి రెండు మూడు ఉతుకులు చన్నీళ్లలో, విడిగా చేయడమే దారి. కుర్తా గుడ్డ అయితే రెండున్నర మీటర్లు కావాల్సిన చోట పావు మీటరు ఎక్కువ తీసుకుని, రాత్రంతా నానబెట్టి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి. లేకపోతే కుట్టాక చేతులు పొట్టివవుతాయి.

ముద్రల విషయంలో గందరగోళం వద్దు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చెప్పేది చేతిమగ్గంమీద నేశారని మాత్రమే, నూలు మిల్లుదీ కావచ్చు. ఖాదీ మార్క్ 2013 నిబంధనలతో వచ్చింది. దానికి పడుగూ పేకా రెండూ చేతినూలే కావాలి. రెంటికీ ఒకే ధర చెబితే ఆగి అడగాల్సిందే.

చిత్రకళ వైపు ఇంత హాయి లేదు. సీతంపేట కొండల సవర గిరిజనుల చిత్రాలు వచ్చినప్పుడు వాటిని ఇరుకు గదుల్లో, ఫ్యాన్ గాలికి ఊగేలా తగిలించడం చూస్తే బాధేస్తుంది. ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండి తెలుపుతో పూజకి వేసే బొమ్మలవి. ఇప్పుడు కాన్వాసు మీద అక్రిలిక్ రంగులతో వేస్తున్నారు, అందులో తప్పేమీ లేదు. కొంటే వేసినవారి పేరు, ఊరు వెనకవైపు వారిచేతే రాయించుకోండి. చుట్టి ఇస్తామంటే రంగు బయటివైపు ఉండేలా, లావుపాటి గొట్టం మీద చుట్టమనండి. రంగు లోపలికి పెట్టి సన్నగా చుడితే ముడుచుకుని పగుళ్లు వస్తాయి. అదే బొమ్మ స్టోలు మీద ఉంటే, రంగులో బట్టలకి వాడే మీడియం (రంగు గుడ్డకి పట్టేలా చేసే ద్రవం) కలిపారా, ఆరాక వెనకనుంచి ఇస్త్రీ పెట్టారా అని అడగండి. అవి చేయకపోతే మడతల దగ్గర రాలుతుంది.

బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ నమూనాలు చూడటానికి బాగుంటాయి, వాటిమీద నాకు లోతైన అభిప్రాయం లేదు.

నాలాగా ఊళ్లోనే ఉండి, పనిరోజు పదకొండింటికి ఒక గంట తీరిక చేసుకోగలిగినవాళ్లకి ఈ ప్రదర్శనలు నిజంగా దక్కుతాయి. మొదటిరోజు మూటలు ఇంకా విప్పుతుంటారు. ఆఖరి సాయంత్రం ధర దిగుతుంది గానీ మంచివి పోయి ఉంటాయి. ఆదివారం అయితే మాట్లాడే తీరికే ఉండదు. ఇంట్లో గంజి పెట్టి ఇస్త్రీ చేసే ఓపిక ఉన్నవాళ్లయితే సన్న ఖాదీ కొనొచ్చు. అన్నీ వాషింగ్ మెషీన్‌లో వేసేవాళ్లకి నేను చెప్పను. పెళ్లికో పండక్కో ఒక్క మంచి పంచె కావాలంటే, నా మటుకు నేను ప్రదర్శనలో చేత్తో చూసి నేర్చుకుని, కొనడానికి పొందూరుకే పోతాను. విజయనగరం నుంచి వచ్చేవాళ్లకి శ్రీకాకుళం రోడ్డుకి ముందే పొందూరు స్టేషను వస్తుంది. ఎక్కేముందు ఆ రైలు అక్కడ ఆగుతుందో లేదో చూసుకోండి.