కంపల చిక్కని గాలాలు ఇంట్లనే చేసుకుంటున్న, మూడేండ్ల అనుభవం

మాది హన్మకొండ అవతల చెరువు కట్ట కింది ఊరు. కొర్రమట్టకు గాలమేసేటోళ్లకు తెలుసు, అది తేట నీళ్లల్ల ఉండది, తామరాకుల కింద, గుర్రపుడెక్క నడుమ, మునిగిన సర్కారు తుమ్మ కంపల్ల ఉంటది, గాలం గూడ ఆడికే పోవాలె, పోతే చిక్కుతది. ఒక్క పొద్దుల నాలుగైదు గాలాలు తెంపుకొని వచ్చిన రోజులున్నయి. పైసల సంగతి అటుంచితే, తెగిన గాలం దారంతోని సహా కంపకే ఉంటది, ఎండకాలం నీళ్లు గుంజినంక అండ్లనే బర్లు దిగుతయి, పోరగాళ్లు దిగుతరు, నాకు అదే బాధ.

అందుకే గాలం మొనకు అడ్డంగ సన్నని తీగె కడుతున్న, కంప తాకితే తీగె ఆపుతది, చేప కరిస్తే తీగె వంగి మొన బయటపడతది. మెకానిక్ షాపుల పాత బైకు క్లచ్ వైరు అడిగితే ఊకెనే ఇస్తరు. అండ్ల ఒక్క పోగు విప్పి, రెండంగుళాలు కోసి, ఒక కొసను గాలం కన్ను దగ్గర కాడకు ఆనిచ్చి కుట్టుమిషన్ దారం ఇరవై చుట్లు బిగిచ్చి ఫెవిక్విక్ చుక్క ఏస్త. రెండో కొస ముల్లు మొన దాటి బియ్యపు గింజంత ముందుకుండాలె, దాన్ని కొంచెం వంచాలె, లేకుంటే ఆకులకు అదే గుచ్చుకుంటది. నేను వాడేది 1/0 సైజు, చిన్న గాలాలకు ఈ తీగె మరీ బిర్రుగైతది.

అసలు కత తీగె మెత్తదనంల ఉంది. మొదటేడు గట్టిగుంటెనే మంచిదని రెండు పోగులు కట్టిన, కంప చిక్కలే, చేప గూడ చిక్కలే, గుంజినప్పుడల్ల ఎర ఒక్కటే వచ్చుడు. ఇప్పుడు నీళ్లల్ల ఏసే ముందు ప్రతి గాలం బొటనవేలుతోని నొక్కి చూస్త: తీగె అలకగ దిగి మొన గోరుకు గీరుకోవాలె, ఇడిస్తే మళ్ల దాని జాగకు రావాలె. చేప ఎర పట్టంగనే గుంజొద్దు, మూడు లెక్కపెట్టాలె.

తక్కువలు గూడ చెప్త. క్లచ్ తీగె ఒక్క సీజన్‌కే తుప్పు పడతది, దారం ఎండకు వదులైతది, పైన గోర్ల రంగు రెండు పూతలు పూస్తే కొన్నాళ్లు ఎక్కువ ఆగుతది. తీగె బదులు 0.50 మిల్లీమీటర్ల మందం నైలాన్ దారం గూడ కట్టి చూసిన, ఆకుల్ల మంచిగనే పోతది గానీ ఎండకు వంకర తిరిగి అట్లనే ఉంటది. మత్తడి దగ్గర రాళ్ల సందులల్ల దారానికి కట్టిన సీసం బరువు ఇరికితే మాత్రం ఏ తీగె కాపాడది.

ఇంకొకటి, వానలు పడ్డంక ఎర్రటి చిన్న కొర్రమట్ట పిల్లల గుంపు నీళ్ల మీద బుడుబుడుమంటే అక్కడ ఏయకుండ్రి. కింద పెద్దది కావలి ఉంటది, ఎవలు దగ్గరికొచ్చినా మీదికొస్తది, గాలాన్ని గూడ అట్లనే కరుస్తది, అది పోతే పిల్లలకు కావలి ఉండది. ఇంతకుముందు కంప అడ్డముండి ఆడిదాంక మన గాలం పోకపోయేది, ఇప్పుడు పోతున్నది.