చింతపండు చేసిన పని ఈ మైనం దిద్దలేదు

పాత లోహపు వస్తువులు పాడవకుండా పూసే రెనేసాన్స్ వ్యాక్స్ అనే మైనం 65 మిల్లీలీటర్ల డబ్బా కొని మూడేళ్ళయింది. పదిహేను పౌండ్ల దాకా పడింది. "అమృతాంజనం సీసాకి అన్నయ్యలా ఉంది, దీనికింతా?" అంది మా ఆవిడ. ఇప్పటికీ సగం కూడా అవలేదు కాబట్టి ఆ మాట మళ్ళీ ఎత్తడం లేదు.

మాది పిఠాపురం. ఉండేది ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్‌షైర్‌లో. తెలిసిన రైతు ఒప్పుకుంటే ఆదివారాలు ఆయన పొలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతాను. దొరికేవి చాలావరకు తుప్పుమేకులూ సీసం ముక్కలే. ఓ రోజు మాత్రం 1797 నాటి పెన్నీ దొరికింది. మూడో జార్జి బొమ్మతో, 36 మిల్లీమీటర్ల అడ్డకొలతతో, ఔన్సు బరువున్న రాగి బిళ్ళ. అంచు బండిచక్రంలా మందంగా ఉంటుందని దాన్ని కార్ట్‌వీల్ అంటారు. బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టినది. అదే టంకశాల 1794లో ఈస్టిండియా కంపెనీ కోసం, మా ఉత్తర సర్కారుల్లో చెలామణీకి, రూపాయిలో 48వ వంతు రాగి నాణేలు కూడా కొట్టింది. అందుకే ఆ పెన్నీని చూస్తే దూరపు చుట్టం ఎదురైనట్టనిపించింది.

మట్టి కడిగితే ముదురాకుపచ్చగా, నున్నగా తేలింది. హాల్లో అలమరలో పెట్టాను. అప్పుడు అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పెన్నీ తళతళా మెరుస్తోంది.

"ఏంట్రా, చిలుం పట్టినదాన్ని అలా వదిలేశావ్? బూడిద లేదు గానీ చింతపండూ ఉప్పూ వేసి తోమితే వచ్చేసింది" అంది, దేవుడి గిన్నెలు తోమిన రోజు ఉండే సంతోషంతో.

ఏమనగలను? రెండు శతాబ్దాలు నేలలో ఉన్న రాగికి అక్షరాల అంచులూ, జుట్టు గీతలూ చాలావరకు ఆ ఆకుపచ్చ పొరలోనే మిగులుతాయి. చింతపండులో పులుపు ఆ పొరని కరిగించేస్తుంది. రాజుగారి ముక్కూ చెవీ దాంతోపాటే పోయాయి. మిగిలింది గులాబీరంగు గుంటల రాగి. అమ్మది తప్పు కాదు. ఇంట్లో వాడే ఇత్తడి బిందెకి అదే మందు. పొలంలో దొరికిన నాణేనికి అదే విషం.

ఆ తర్వాతే ఈ డబ్బా కొన్నాను. ఇది 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో తయారైన మైనం. పెట్రోలియం నుంచి తీసినది, ఆమ్లం ఉండదు. తేనెమైనం కాలం గడిచేకొద్దీ ఆమ్లంగా మారి లోహాన్ని తింటుందని దీన్ని చేశారు. మూత తీస్తే పెయింటు పల్చనచేసే ద్రావకం వాసన గుప్పుమంటుంది, కిటికీ తెరవాల్సిందే. నేనోసారి మూత సరిగ్గా పెట్టకపోతే పైన గట్టిపడింది.

మొదట పూసింది ఓ మువ్వకి. గొర్రెలకో గుర్రాలకో కట్టేది, ఇక్కడ క్రోటల్ బెల్ అంటారు. మన గజ్జెల మువ్వే, కాకపోతే నిమ్మకాయంత. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురు పుల్లతో చీలికలోని మట్టి తీసి, రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చాను. పాత బనీను గుడ్డ చివర పెసరగింజంత మైనం తీసి, అద్దీ అద్దనట్టు రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచాను. పాలిపోయి దుమ్ముకొట్టుకున్నట్టున్న ఆకుపచ్చ ముదిరింది. అడుగున అప్పటిదాకా కనపడని రెండు అక్షరాలు లేచాయి: ఆర్, డబ్ల్యూ. పద్దెనిమిదో శతాబ్దంలో విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్‌లో గంటలు పోసిన రాబర్ట్ వెల్స్ గుర్తు అది. లోపలి ఇనుప గోళీ తుప్పుపట్టినా ఊపితే మొద్దుగా పలుకుతుంది. మూడేళ్ళయినా వేలిముద్ర పడలేదు, రంగు మారలేదు.

ఇనుము దగ్గర మాత్రం బోల్తాపడ్డాను, తప్పు నాదే. పాత తాళంచెవికి తుప్పు పైపైన గీకి మైనం పూశాను. లోపల క్లోరైడ్ ఉప్పులు అలాగే ఉండిపోయాయి. ఆరు నెలలకి మైనం కింద నారింజరంగు బొబ్బలు లేచి పెచ్చులూడింది. ఇది కాపలాదారే గానీ వైద్యుడు కాదు. రాగి, కంచు మీద లేతాకుపచ్చ పొడి చుక్కలు పుడుతుంటే అది రోగం. దానిమీద మైనం పూయడమంటే పుండుమీద పౌడరు కొట్టడమే. అలాంటివి కన్సర్వేటర్‌కి, అంటే పాత వస్తువుల్ని బాగుచేసి కాపాడే నిపుణుడికి చూపించాలి.

ఇంకోటి, ఇక్కడ దొరికినదైతే డబ్బా మూత తీసేముందు వస్తువుని మీ కౌంటీ ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కి, అంటే ఇలా దొరికిన పాత వస్తువుల్ని నమోదుచేసే అధికారికి చూపించండి. మట్టి మీద కూడా వాళ్ళు చదువుకునేది ఉంటుంది. ఇక్కడి 1996 ట్రెజర్ (నిధుల) చట్టం కిందకొచ్చేదైతే 14 రోజుల్లో కరోనర్‌కి, అంటే అది నిధి అవునో కాదో విచారించే అధికారికి చెప్పి తీరాలి. ఇండియాలో ఇలా తవ్వుకుందామనుకునేవాళ్ళు ముందు 1878 నాటి నిధుల చట్టం చదువుకోండి, మైనం తర్వాత.

తళతళలాడాలనుకుంటే ఇది కొనకండి, నిరాశపడతారు. ఉన్నదున్నట్టు ఉంచాలనుకుంటే 65 చాలు, 200 మిల్లీలీటర్ల డబ్బా జోలికి పోకండి. వాడేలోపు ఎండిపోతుంది.

పెన్నీ ఇంకా అలమరలోనే ఉంది. అంచుల దగ్గర మళ్ళీ గోధుమరంగు తిరుగుతోంది. దానికి మైనం పూయలేదు. నల్లబడితే నల్లబడనీ అని వదిలేశాను. వచ్చే వేసవికి అమ్మ మళ్ళీ వస్తోంది, మువ్వని మాత్రం పై అరకి మార్చాను.