పెట్రోలు ముల్లు, 350 రూపాయల మల్టీమీటరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా వ్యాను 2005 మోడలు. కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎక్కించుకుని రాజమండ్రి, రావులపాలెం తిరగడమే దాని పని. నాలుగేళ్ల కిందట పెట్రోలు ముల్లుకు పిచ్చి పట్టింది. ట్యాంకు నింపితే ముప్పావు దాకా వెళ్లేది, సగానికి వచ్చేసరికి ఒక్కసారిగా సున్నా మీద పడుకునేది. గతుకు తగిలితే మళ్లీ లేచేది. ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంటే నమ్మడం మానేశాను. 'నాన్నా, పులి' కథలాగే అది నిజం చెప్పిన రోజున, బండి నిండా బంతి నారుతో, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఆగిపోయాను.

మెకానిక్ చూడగానే పెట్రోలు మీటరు పోయిందన్నాడు. 1,800 రూపాయలు పెట్టి మార్పించాను. కొత్త మీటరు కూడా సగం దగ్గర అలాగే పడుకుంది. ఆ కోపంలో కొన్నదే వోల్టులు, ఓంలు కొలిచే ఈ మల్టీమీటరు.

నిజానికి మొదటి పరీక్షకు అది కూడా అక్కర్లేదు. ట్యాంకు యూనిట్ (పెట్రోలు మీద తేలే ఫ్లోటుతో మట్టం పసిగట్టే భాగం) నుంచి మీటరుకు వెళ్లే తీగను ట్యాంకు దగ్గర ఊడదీసి, 12 వోల్టుల 3.4 వాట్ల చిన్న బల్బు గుండా బాడీకి ఆనించి తాళం తిప్పాను. ముల్లు నిండు వైపు లేచింది. అంటే మీటరూ మంచిదే, అక్కడిదాకా తీగా మంచిదే. జబ్బు ట్యాంకు వైపే ఉంది. ఈ ఐదు నిమిషాల పని ముందే చేసి ఉంటే 1,800 మిగిలేవి.

తర్వాత యూనిట్ ఎర్త్ తీగకూ (బండి బాడీకి బిగించేది) బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఓంలు, అంటే కరెంటుకు అడ్డు ఎంతుందో చూశాను. ఒక ఓం కూడా ఉండకూడని చోట 15 చూపించింది. బోల్టు కింద తుప్పు. గీకి బిగించాక ట్యాంకు నింపితే ముల్లు నిండుకు వెళ్లింది గానీ, సగం దగ్గర పడుకోవడం మానలేదు. దాంతో యూనిట్ బయటికి తీయించక తప్పలేదు. బ్యాటరీ తీగ ఊడదీసి, ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, ఆరుబయట చేయించాను. ఆ పని ఇంట్లో చేయమని ఎవరికీ చెప్పను. ఫ్లోటు చెయ్యిని మెల్లగా కదిలిస్తుంటే, మా బండిలో నిండుకు 5 ఓంల లోపు, ఖాళీకి 120 దగ్గర వస్తోంది. కొన్ని బండ్లలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. ఎంతైనా అంకె సాఫీగా మారాలి. ఇక్కడ మాత్రం నడిమధ్యలో అంకె మాయమవుతోంది. రోజూ సగం ట్యాంకుతోనే తిరగడం నా అలవాటు కాబట్టి, యూనిట్‌లో ఫ్లోటు చెయ్యి రాసుకుంటూ కదిలే పట్టీ సరిగ్గా అక్కడే అరిగిపోయింది. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూశాను. లోపల పెట్రోలు చప్పుడు లేదు కనుక మునిగిపోయే రోగం లేదన్నమాట.

బయటి దుకాణంలో దొరికిన వేరే యూనిట్, కొత్త రబ్బరు వాషరు వేయించి నాలుగేళ్లయింది. ముల్లు ఇప్పుడు వణకదు, పడుకోదు. కానీ మొదటి ఆరు లీటర్లు తాగేదాకా నిండు మీద నుంచి కదలదు, సున్నాకు వచ్చాక కూడా ఐదు లీటర్లు ఉంటాయి. ఫ్లోటు చెయ్యి వంచితే ఒక చివర సరిపడినా రెండో చివర తప్పు పెరుగుతుంది, అందుకే నేను ముట్టుకోలేదు. లోటు ఏ వైపో తెలిశాక ముల్లుతో కాపురం కష్టం కాదు.

మల్టీమీటరు విషయానికొస్తే, తీగలు రెండో ఏడాదే మొదలు దగ్గర తెగాయి, వేరేవి కొన్నాను. 9 వోల్టుల బ్యాటరీ రెండుసార్లు మార్చాను. అది నీరసించినప్పుడు మంచి బ్యాటరీకి కూడా తప్పు వోల్టులు చూపించి నన్ను ఒక పూట తిప్పింది. అయినా మళ్లీ కొనాలంటే అదే కొంటాను.

అన్నట్టు, తీసేసిన పాత మీటరు అటక మీదే ఉంది. మొన్న దించి, బ్యాటరీకి కలిపి, ఫ్లోటు తీగ చోట అదే బల్బు పెట్టి చూశాను. ముల్లు భేషుగ్గా నిండుకు వెళ్లింది.