వాచ్ డాగ్స్ ఆడాలా, పేపర్స్ ప్లీజ్ ఆడాలా?

నిఘా మీద మంచి గేమ్ ఏదని సెలవులకి విజయనగరం వచ్చిన కుర్రాళ్ళు అడుగుతుంటారు. నేను చెప్పేవి రెండే: యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో తెచ్చిన వాచ్ డాగ్స్, లూకాస్ పోప్ 2013లో ఒక్కడే చేసిన పేపర్స్ ప్లీజ్.

ఖర్చు: మొదటిదానికి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరో, గేమ్ కన్సోలో కావాలి. రెండోది పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, 2022 నుంచి ఫోన్‌లోనూ ఉంది.

ఆట: వాచ్ డాగ్స్‌లో షికాగో కెమెరాలన్నీ మన చేతిలోని ఫోన్‌కి లొంగుతాయి. దారినపోయేవాళ్ళ పేరు, ఉద్యోగం, ఆదాయం తెర మీద పడతాయి. సరదాగా ఉంటుంది, చిక్కూ అక్కడే: తొంగిచూసేది మనమే కాబట్టి తప్పనిపించదు. పేపర్స్ ప్లీజ్‌లో మనం సరిహద్దు దాటేవాళ్ళ కాగితాలు చూసే కౌంటర్ గుమస్తా. ఎంతమందిని పరిశీలిస్తే అంత జీతం. రోజుకి రెండు తప్పులకి హెచ్చరిక, మూడో తప్పు నుంచి కోత. ఇంట్లో అద్దె, తిండి ఎదురుచూస్తుంటాయి. మనిషిని స్కానర్ ముందు నిలబెట్టడం మెల్లగా అలవాటైపోతుంది. నాకు భయమేసింది అందుకే.

రిస్క్: వాచ్ డాగ్స్ పీసీలో ఆడాలంటే కంపెనీ అకౌంట్ తెరవాలి. నిఘాని తిట్టే ఆటకి ముందు మన వివరాలివ్వాలన్నమాట!

సాయంత్రం కాలక్షేపానికైతే వాచ్ డాగ్స్. ఆధార్ జిరాక్స్ అడిగే కౌంటర్ అవతలి మనిషి బుర్ర అర్థం కావాలంటే పేపర్స్ ప్లీజ్. చిన్నపిల్లలకి మాత్రం రెండూ వద్దు.