డోంగిల్ ఆగిన రాత్రి నుంచి ఆరేళ్లు: నా డీటీపీ దుకాణంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి రెండు సందులు లోపలికి వస్తే మా దుకాణం. ముందు జిరాక్స్, డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి పేజీలు కట్టే పని. వెనక గదిలో మినీ ఆఫ్‌సెట్ అచ్చు యంత్రం. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, బత్తాయి మార్కెట్ రసీదులు, బడి ప్రోగ్రెస్ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. 2019 ఫిబ్రవరి నుంచి ఇక్కడ పనిచేసే మూడు కంప్యూటర్లూ విండోస్ బదులు ఉబుంటు లినక్స్ మీదే నడుస్తున్నాయి. పేజీలకు స్క్రైబస్, కార్డులకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్, మిగతా రాతకోతలకు లిబ్రేఆఫీస్. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసి ఇవ్వచ్చు, లోపలి రాత చూసి మార్చుకోవచ్చు. ఆరేళ్లు దాటింది కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. డబ్బు మిగుల్చుకుందామని మారినవాడిని కాను. డబ్బు కట్టి కొన్న సరుకు అవసరానికి మొండిచెయ్యి చూపితే మారాను.

ఆ ఏడాది జనవరిలో సర్పంచ్ ఎన్నికలు మూడు విడతలుగా జరిగాయి. మొదటి విడత పోలింగ్ 21న. సర్పంచ్ పోటీలో పార్టీ గుర్తులుండవు. ఉపసంహరణ గడువు ముగిశాకే అభ్యర్థికి ఉంగరమో కత్తెరో దక్కుతుంది. గుర్తు తేలేదాకా ఎవరూ ప్రెస్సు గడప తొక్కరు, తేలాక అందరికీ తెల్లారేసరికి కావాలి. అలాంటి ఒక రాత్రి పదిన్నరకు, కత్తెర గుర్తు వచ్చిన అభ్యర్థి తమ్ముడు నా పక్కన స్టూలు మీద కూర్చుని ప్రూఫు చూస్తుండగా తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చింది. లాక్ దొరకలేదు, అంతే.

మా వృత్తిలో లాక్ అంటే డోంగిల్. తెలుగు ఫాంట్ల ప్యాకేజీతో పాటు ఇచ్చే బొటనవేలంత ముక్క. అది కంప్యూటర్ వెనక తగిలించి ఉంటేనే ఫాంట్లు పనిచేస్తాయి. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, వేరే పోర్టులో పెట్టాను. దాని దీపం వెలగలేదు. డీలరుకు ఫోను చేస్తే సంక్రాంతి సెలవులన్నాడు. చెడిపోయిన లాక్ కొరియర్‌లో పంపితే పరీక్షించి, రుసుము తీసుకుని మరొకటి ఇస్తారట. పాతది చూపించలేకపోతే పూర్తి ధర మళ్లీ కట్టాలట. కొన్న బిల్లు నా బీరువాలో ఉంది. బిల్లు చూపిస్తే ఫాంట్లు తెరుచుకోవు కదా.

"అన్నా, పొద్దున ఆరింటికి ఆటో వస్తుంది, తండాలన్నీ తిరగాలి" అంటాడు ఆ తమ్ముడు. చివరికి పక్క సందులోని దుకాణదారుడు ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. "ఇది వేసుకో అన్నా, లాకూ గీకూ అడగదు." అతను ఆ ప్యాకేజీకి ఏనాడూ ఒక్క రూపాయి కట్టలేదు, అతని ఫాంట్లు ఏ రాత్రీ ఆగలేదు. నేను కట్టాను, నావి ఆగాయి. ఆ పెన్‌డ్రైవ్‌లోది తప్పని తెలిసే వేసుకున్నాను, పని ముగించాను. కొత్త లాక్ పదకొండు రోజులకు వచ్చింది. అప్పటికి రెండో విడత ప్రచారం కూడా ముగిసింది.

ఆ తర్వాత కూర్చుని చట్టం చదివాను. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. రక్షణ కోసం పెట్టిన సాంకేతిక తాళాన్ని హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తప్పిస్తే 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ఇందులో 'ఉద్దేశంతో' అన్న మాటే కీలకం. అమెరికా 1998లో చేసిన చట్టం తాళం తీయడాన్నే నిషేధించి, మినహాయింపులను మూడేళ్లకోసారి విడివిడిగా ఇస్తూ వస్తోంది. మన చట్టం, తాను నిషేధించని పని కోసం తాళం తీసినవాడిని ఆ సెక్షన్‌లోనే విడిచిపెట్టింది. ఈ మేరకు మనదే నయం. అయితే 63బి ఇంకో రకం: అక్రమ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు తప్పించే వెసులుబాటు కోర్టుకుంది. దుకాణం పెట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు అందదు.

అదే చట్టం 52వ సెక్షన్‌లో, ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు పాడైపోతుందన్న భయానికి బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని ఉంది. చేసుకున్నాను కూడా, సీడీ ఇప్పటికీ ఉంది. లాక్‌కు బ్యాకప్ చేసుకునే దారి మాత్రం లేదు.

మా అక్క కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతూ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేసే స్వేచ్ఛ సంస్థ వాళ్ల శిబిరానికి వెళ్లొచ్చినవాడు. "మామా, ఒక నెల ఓపిక పట్టు" అని మూడు కంప్యూటర్లలోనూ లినక్స్ ఎక్కించాడు. ఒక నెల కాదు, కుదురుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఎందుకంటే డోంగిల్ పై తాళం మాత్రమే. లోపలి తాళం నా ఫైళ్లలోనే ఉంది. పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఒక్కో తెలుగు అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే సంఖ్య ఉండే పద్ధతిలోవి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా అమర్చి పెట్టినవి. ఫాంటు తీసేస్తే 'శుభలేఖ' కాస్తా పిచ్చి గుర్తుల వరుస అవుతుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది, మా వృత్తి మాత్రం ఆ పక్కకు చూడలేదు. నేనూ చూడలేదు. కన్వర్టర్లు చాలావరకు మారుస్తాయి. ఒత్తుల దగ్గర, పొల్లుల దగ్గర చేత్తో దిద్దుకోవాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన 64 పేజీల పుస్తకం రెండో ముద్రణకు వస్తే, మార్చి దిద్దడానికి తొమ్మిది సాయంత్రాలు పట్టింది. ఆయన రాతకు ఆయనే యజమాని, కాని ఆ రాత తెరుచుకోవాలంటే మూడో మనిషి అమ్మే లాక్ కావాలి. ఈ సంగతి ఆయనకు చెబితే కళ్లజోడు తీసి నన్నే చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు వాడే ఫాంట్ల సంగతి. సిలికాన్ఆంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, ఎన్టీఆర్, గిడుగు, పెద్దన వంటివి మా రోజువారీ సరుకు. శీర్షికలకు నాకు ఇష్టమైనది సురవరం. పాలమూరు గడ్డ మీద పుట్టి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన ఫాంటు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక గిరాకీకి ఈ మాట చెబితే పత్రిక మొత్తం అందులోనే వేయమన్నాడు, వద్దన్నా వినలేదు. ఇవన్నీ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. నేను మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివిన మొదటి లైసెన్సు అదే, అంత చిన్నది. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు. రిజర్వు చేసిన పేరుంటే, మార్చిన ఫాంటుకు ఆ పేరు పెట్టకూడదు. మార్చిందాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఆ ఫాంటుతో అచ్చు వేసిన పత్రికకు మాత్రం ఈ షరతులేవీ అంటవు. ప్రెస్సు వాడికి కావలసిన మాట ఈ చివరిదే.

లోటు కూడా చెప్పాలి. వీటిలో చాలావాటికి ఒకే మందం, బోల్డు ఉండదు. పెళ్లి పత్రికల మీద వయ్యారంగా తోకలు తిప్పే అక్షరాలు పాత ప్యాకేజీల్లో డజన్ల కొద్దీ ఉండేవి. ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కారణంగా పోయిన గిరాకీలున్నారు.

స్క్రైబస్ గురించి నిజం చెబితే దాని అభిమానులకు కోపం రావచ్చు. దాని 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు కలిసేవే కావు. మేనల్లుడు మొదట పొరపాటున అదే ఎక్కించాడు. పెళ్లికూతురు పేరు లక్ష్మీప్రసన్న. ప్రూఫులో 'క' పక్కన పొల్లు, 'ష' పక్కన పొల్లు, దేనికదే విడివిడిగా నిలబడ్డాయి. వాళ్ల నాన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మా అమ్మాయి పేరు ముక్కలు చేశావేమయ్యా" అన్నాడు. 1.5.3 నుంచి ఆ బాధ తీరింది, కానీ 1.5 వరుస పరీక్షల కోసం విడుదల చేసినది, చెప్పకుండా మూసుకునేది. అయిదు నిమిషాలకోసారి సేవ్ చేసే అలవాటు నాకు అప్పుడే అబ్బింది. 2024 జనవరిలో 1.6 వచ్చాక హాయిగా ఉంది. ఇంక్‌స్కేప్ నుంచి నేరుగా అచ్చుకు కావలసిన నాలుగు రంగుల ఫైలు రాదు. మొదటి ఏడాది కుంకుమ ఎరుపు అనుకుని పంపిన కార్డు ఇటుక రంగులో అచ్చయి వచ్చింది; వెయ్యి కార్డులు నా ఖర్చు మీద మళ్లీ వేశాను. ఇప్పుడు బొమ్మ ఇంక్‌స్కేప్‌లో గీసి, స్క్రైబస్‌లోకి తెచ్చి, రంగులు అక్కడ సరిచేసి పీడీఎఫ్ తీస్తాను. హైదరాబాదు మల్టీకలర్ ప్రెస్సుల వాళ్లు కోరెల్‌డ్రా ఫైలే అడుగుతారు. పీడీఎఫ్ ఇస్తే మొహం ముడుచుకుంటారు, తర్వాత తీసుకుంటారు.

కీబోర్డు భయపెట్టినంత పని చేయలేదు. డీటీపీ వాళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు పద్ధతి లినక్స్‌లోనూ దొరికింది. ఒత్తును ఒత్తుగా కాకుండా హల్లు, పొల్లు, హల్లు అని కొట్టడానికి వేళ్లకు నచ్చజెప్పాలి, అంతే.

కంప్యూటర్లలో తాళం పీడ వదిలిందనుకుంటే ప్రింటర్‌లో మొదలైంది. నెలకోసారి టోనర్ రీఫిల్ చేసే కుర్రాడు వస్తాడు. పదహారేళ్లుగా ఇదే పద్ధతి. 2021లో కొన్న ప్రింటర్ ఒకనాడు నెట్ నుంచి తనంతట తానే అప్‌డేట్ అయి, మర్నాటి నుంచి రీఫిల్ చేసిన కార్ట్రిడ్జ్‌ను గుర్తించడం మానేసింది. టోనర్ నిండా ఉంది, డ్రమ్ బాగుంది, కాగితం ఉంది. చిప్ ఒప్పుకోలేదు. ఇలాంటి చిప్ మీద అమెరికాలో ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్ సంస్థ, చిప్పులు చేసే స్టాటిక్ కంట్రోల్ అనే సంస్థతో కోర్టుకెక్కింది. 2004లో అప్పీలు కోర్టు లెక్స్‌మార్క్ వాదన నిలవదంది. అక్కడి తీర్పుతో నల్లగొండలో టోనర్ దిగదు కాబట్టి నేను ఆ ప్రింటర్‌ను నెట్‌కు దూరంగా పెట్టి, చిప్ మార్పించుకున్నాను.

ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కథంతా మొదలైంది కూడా ప్రింటర్ దగ్గరే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబుకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అది కాగితం ఇరుక్కుని ఆగుతుంటే, ఆగిందని అందరికీ సందేశం వెళ్లేలా సరిచేద్దామని అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ ఆ ప్రోగ్రాము మూలరూపం (సోర్స్ కోడు, అంటే మనిషి చదివి మార్చగలిగే రాత) అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ, అది తన దగ్గరున్న ఒకాయన కాదన్నాడు. స్టాల్‌మన్ 1983లో, అందరూ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో అలాంటి సాఫ్ట్‌వేర్ కోసం జీపీఎల్ లైసెన్సు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే వచ్చే కోపం ఎలాంటిదో ప్రెస్సు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

జీపీఎల్ గొప్పదా, ఎంఐటీ లైసెన్సు గొప్పదా అని ఎడతెగని వాదన ఉంది. మా ఉదయసముద్రం కింద కాలువ ఉన్న రైతుకు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. నీ మడి తడిపాక కింది మడికి నీళ్లు వదలాల్సిందే, ఇది జీపీఎల్: మార్చి ఇతరులకు ఇస్తే మూలరూపమూ ఇవ్వాలి. నీళ్లు నీ ఇష్టం, బావిలోకి తోడుకుని కంచె వేసుకున్నా అడగం, ఇది ఎంఐటీ. మనసు మొదటిదాని వైపు లాగుతుంది. కాని తెలుగు అక్షరాలను ఒత్తులతో సహా కూర్చిపెట్టే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము ఎంఐటీ తరహా లైసెన్సుతోనే వచ్చింది. అందుకే ఆండ్రాయిడ్ ఫోనులోకీ, క్రోమ్‌లోకీ, ఫైర్‌ఫాక్స్‌లోకీ, లిబ్రేఆఫీస్‌లోకీ అడ్డు లేకుండా వెళ్లింది. ఈ విషయంలో నా పక్షపాతాన్ని నేనే కొంచెం సడలించుకున్నాను.

2007లో వచ్చిన మూడో జీపీఎల్ మీద మాత్రం సడలింపు లేదు. టివో అనే టీవీ రికార్డింగ్ పెట్టెలో లినక్స్ ఉండేది, మూలరూపం ఇచ్చేవాళ్లు. దాన్ని మార్చి ఎక్కిస్తే మాత్రం పెట్టె నడిచేది కాదు. అలా చేయకూడదని కొత్త లైసెన్సులో రాశారు. లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్‌కు అది నచ్చలేదు, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను రెండో జీపీఎల్ మీదే ఉంచాడు. యంత్రం తయారుచేసేవాడి ఇష్టం ఆయనకు సబబుగా తోచింది. చిప్ ఒప్పుకోని కార్ట్రిడ్జ్ చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు తోచలేదు.

తయారుచేసినవాళ్లే లైసెన్సు మధ్యలో మారిస్తే ఏమిటని అడిగేవాళ్లున్నారు. 2023లో హషీకార్ప్, 2024లో రెడిస్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలు అలా మార్చాయి. వెంటనే పాత కోడు పట్టుకుని ఓపెన్‌టోఫు, వాల్కీ అనే కొత్త ప్రాజెక్టులు విడిపోయాయి. లిబ్రేఆఫీస్ పుట్టిందీ అలాగే: ఓపెన్‌ఆఫీస్ ఉన్న సన్ సంస్థను ఒరాకిల్ కొన్నాక, 2010లో పనివాళ్లు కోడుతో సహా బయటికి నడిచారు. నా ఫాంట్ల డీలరు సెలవుల్లో ఉన్నప్పుడు నాకు అలాంటి తలుపు లేదు.

అసలు పరీక్ష 2022 మునుగోడు ఉప ఎన్నిక. పోలింగ్ నవంబరు 3న. అక్టోబరంతా నిద్ర లేదు. ప్రతి కరపత్రం కింద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి, లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద చిక్కు. ఆ వరుస కలుపుతుండగా రాత్రి పదకొండుకు ఒక కంప్యూటర్ హార్డ్ డిస్కు పోయింది. ఇంటి నుంచి మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెప్పించి, పెన్‌డ్రైవ్ నుంచి అన్నీ ఎక్కించి, ఫాంట్లు కాపీ చేసి, గంట తిరక్కుండా అచ్చు ప్లేటు కోసం బటర్ పేపర్ ప్రింటు తీశాను. ఎవరికీ ఫోను చేయలేదు.

వేగంగా పెళ్లి పత్రికలు మాత్రమే వేసే దుకాణానికి ఈ పద్ధతి నేను చెప్పను. అక్షరాల రకాలు చాలవు. పుస్తకాలు, రసీదులు, బడుల పని చేసేవాళ్లు ఎనిమిది నెలలు ఓర్చుకోగలిగితే దిగవచ్చు.

మూలన నాలుగో కంప్యూటర్ ఒకటి ఉంది. పాత విండోస్, పాత ప్యాకేజీ, 2019లో వచ్చిన ఆ రెండో లాక్. ఇంకా మార్చని ఫైళ్లు మూడు వందల పైచిలుకు అందులోనే ఉన్నాయి. నెలకోసారి గుడ్డతో తుడిచి ఆన్ చేస్తాను. మొన్న ఆదివారం దీపం కాసేపు మిణుకుమిణుకుమని, తర్వాత వెలిగింది. మరో పది ఫైళ్లు మార్చి ఆపేశాను.